మా పూచీ మామయ్య

మా మామయ్యకి ఎవరిమీదా నమ్మకం లేదని లోకం అంటుంది. తప్పు. నమ్మడానికి ఆయన పడేంత అవస్థ ఈ భూమ్మీద ఇంకెవరూ పడరు. కాకపోతే ఎవరేం చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట ఒకటే: "దానికి పూచీ ఎవరు?" ఫలానావాళ్లు పూచీ అన్నామా, వెంటనే రెండోది: "మరి వాళ్లకి పూచీ ఎవరు?" ఆ తర్వాత మూడోది, నాలుగోది. అడిగేవాడు అలిసిపోడు, చెప్పేవాళ్లే అలిసిపోతారు. అందుకే మా ఇంట్లో పిల్లా పెద్దా అందరికీ ఆయన పూచీ మామయ్య. వరసకి మా అమ్మకి సొంత తమ్ముడు. దానికి పూచీ మా అమ్మమ్మ.

ఆయన కూర్చోగా చూసినవాళ్లు లేరు. వంటింటి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా, మళ్లీ వీధి గుమ్మం నుంచి వంటింటి గుమ్మం దాకా కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. టీ నిలబడి తాగుతాడు. పేపరు నడుస్తూ చదువుతాడు. ఆయన కుర్చీని ఊరికే తుడిచి తుడిచి విసిగిపోయిన అత్తయ్య, దానిమీద మడత పెట్టాల్సిన బట్టలు పోయడం మొదలుపెట్టింది. "పాపం, కుర్చీకి కూడా ఏదో ఒక ఉద్యోగం ఉండాలిగా" అంటుంది.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. మామయ్య ముప్ఫై నాలుగేళ్లు కాటాలు బాగుచేసే కార్ఖానాలో పనిచేశాడు. కొట్లలో వాడే తూనికరాళ్లు అరుగుతాయి కదా, వాటిని కార్ఖానాలో ఉండే మంచి రాయితో సరిచూస్తారు. ఆ మంచి రాయిని గాజుపెట్టెలో ఉండే అసలు రాయితో సరిచూస్తారు. అసలు రాయిని చేత్తో ముట్టుకోకూడదు, వేలి చెమట అంటినా బరువు మారుతుందని పట్టకారుతో తీస్తారు. రెండేళ్లకోసారి దాన్ని కూడా ఒళ్లో పెట్టుకుని రైలెక్కి, పెద్దాఫీసులో అంతకంటే పెద్ద రాయితో తూయించి, కాగితం రాయించుకు రావాలి. ఆ తీసుకెళ్లే పని మామయ్యది. మొదటిసారి వెళ్లినప్పుడే అక్కడి అధికారిని పట్టుకుని, "అయ్యా, మరి మీ రాయిని ఎవరు తూచారు?" అని అడిగేశాడట. ఆ అధికారి కోప్పడలేదు సరికదా, బీరువా తీసి ఆ రాయి తాలూకు కాగితం కూడా చూపించాడట. "అదీ మనిషంటే!" అని మామయ్య ఇప్పటికీ మురిసిపోతాడు.

రిటైరయ్యాక చేతికి ఫోను వచ్చింది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికింది.

ఒకసారి నిజమైన మోసగాడే ఫోన్ చేశాడు. "సార్, మేము బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఆగిపోయింది."

"అలాగా బాబూ. ఆగిపోయిందని నీకెవరు చెప్పారు?"

"మా మేనేజరుగారు సార్."

"ఆయనకెవరు చెప్పారు?"

"కంప్యూటర్లో వచ్చింది సార్."

"ఆ కంప్యూటర్ని ఆఖరిసారి ఎవరు సరిచూశారు? తారీఖుతో సహా చెప్పు, రాసుకుంటా."

గంటా పది నిమిషాలు సాగింది. ఫోన్ చేసినవాడు ఎవడో మేనేజరుని పిలిచాడు. ఆ మేనేజరు ఇంకెవడో పై ఆఫీసరుని పిలిచాడు. ముగ్గురూ మార్చి మార్చి మాట్లాడి, చివరికి పెట్టేశారు. మామయ్య తిరిగి చేస్తే నంబరు కలవలేదు. మోసగాళ్లే ఆయన్ని బ్లాక్ చేసుకున్నారు. "అసలు సంగతి రాబోయే వేళకి పెట్టేశారే" అని మా మామయ్య రెండు రోజులు నొచ్చుకున్నాడు.

ఆ తర్వాత అత్తయ్య ఇస్త్రీపెట్టె కాలిపోయింది. కొత్తది కొనమంది. మామయ్య ఫోన్లో ఒక కొట్టు చూసి, అది మంచిదో కాదో తేల్చుకోవడానికి వెతుకుతూ వెతుకుతూ, ఇంటర్నెట్లో మోసాలు బయటపెడతామని చెప్పే సైటు ఒకదాంట్లో పడ్డాడు. అలాంటివి ఉంటాయని అప్పటిదాకా ఆయనకి తెలీదు. ఏ కొట్టు దొంగదో ఏది దొరదో వందకి మార్కులేసి, మంచివాటికి పచ్చరంగు, చెడ్డవాటికి ఎర్రరంగు పూసి మరీ పెట్టారు. మామయ్య ఫోనుని కళ్లకద్దుకున్నాడు.

"లోకం బాగుపడిందే! ఎవరో పుణ్యాత్ములు కూర్చుని అందర్నీ తూకం వేస్తున్నారు!"

ఆ సంబరం టీ చల్లారేంతసేపు ఉంది. తర్వాత గుమ్మం దగ్గర టక్కున ఆగాడు. "అవునుగానీ, ఈ పుణ్యాత్ములకి పూచీ ఎవరు?"

మొదలైంది. మొదటి సైటు ఎలాంటిదని రెండోదాంట్లో చూశాడు. జాగ్రత్తగా ఉండమంది. ఆ రెండోదాన్ని మూడోదాంట్లో చూశాడు. అది పెద్ద దొంగ అంది. మూడోదాన్ని నాలుగోది ఆకాశానికెత్తేసింది, కానీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'మెచ్చుకున్నందుకు మాకు కమీషన్ ముడుతుంది' అని ఉంది. అయిదు, ఆరు ఒకే మనిషివని ఏడోది బయటపెట్టింది. ఈ ఏడోది మహా పద్ధతిగా, మర్యాదగా ఉంది. మామయ్య మనసు దానిమీద నిలిచేలా కనిపించింది. తీరా దానికి పూచీ ఎవరా అని చూస్తే, మొదటి సైటు!

"చూశావుటే! ఈ రాయి బరువు ఆ రాయి చెబుతుంది, ఆ రాయి బరువు ఈ రాయి చెబుతుంది. మధ్యలో అసలు రాయి ఏదీ?"

"మధ్యలో నలిగిన బట్టలున్నాయి" అంది అత్తయ్య. ఇది జరిగేటప్పటికి ఎనిమిది వారాలయింది. ఆవిడ చెప్పులేసుకుని వీధి చివర కొట్టుకెళ్లి పావుగంటలో ఇస్త్రీపెట్టెతో తిరిగొచ్చింది.

"కొట్టతనికి పూచీ ఎవరే?"

"నేను. పనిచెయ్యకపోతే అతన్ని పడుకోబెట్టి దీంతోనే ఇస్త్రీ చేస్తా."

మామయ్య తలూపాడు. నాకు తెలిసి ఆయన ఎదురుప్రశ్న వెయ్యకుండా ఒప్పుకున్న పూచీ అదొక్కటే.

ఇలాంటి మనిషి పక్కవీధిలో ఉంటే వినోదమే. పుట్టింటి మేనమామై రోజూ మన కొట్టు గురించి ఆరా తీస్తుంటే మాత్రం ప్రాణసంకటం. ఎందుకంటే నాకో కొట్టు ఉంది. పాత కుట్టుమిషన్లు తెచ్చి, విప్పి, తుప్పు గీకి, అరిగిన పళ్లచక్రాలు మార్చి, కొత్తవాటిలా చేసి అమ్ముతాను. అంతకుముందు బట్టల ఫ్యాక్టరీలో గుండీల లైనులో పదకొండేళ్లు నిలబడ్డాను. కాళ్లు వాచిపోయి, చెప్పులు ఒక సైజు పెద్దవి కొనుక్కునేదాన్ని. ఇక చాలని బయటికొచ్చి, ఒక గది అద్దెకి తీసుకుని, మిషన్ల ఫొటోలతో సొంతంగా ఒక సైటు పెట్టుకున్నాను. మెల్లగా నడుస్తోంది. మెల్లగా అంటే మరీ మెల్లగా.

అలాంటి సమయంలో కుట్టుపని నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి పద్దెనిమిది మిషన్లు కావాలంది. పద్దెనిమిది! ఆ బేరం కుదిరితే గది నిలుస్తుంది. లేకపోతే మళ్లీ గుండీలు, మళ్లీ పెద్ద చెప్పులు. శుక్రవారం ఖాయం చేస్తామన్నారు. మంగళవారం మధ్యాహ్నం అక్కడి ప్రిన్సిపాల్‌గారు ఫోన్ చేశారు.

"ఏమీ అనుకోకమ్మా. మా కమిటీలో ఒకాయన మీ కొట్టు పేరు ఏదో సైట్లో చూశారట. ఎర్రగా ఉందట. మోసపు కొట్టు అన్నట్టు."

వెంటనే చూశాను. కన్ను బొమ్మని గుర్తుగా పెట్టుకున్న సైటు అది, జనం బాగా చూస్తారు. నా కొట్టు ఫొటో, దాని నెత్తిన ఎర్రరంగు, వందకి పంతొమ్మిది మార్కులు. కింద ఒక మీట: 'ఈ దుకాణం మీదేనా? రుసుము చెల్లించి మళ్లీ పరిశీలన కోరండి.' కొట్టు మూసి, పరుగుపరుగున మామయ్య ఇంటికి పోయాను. ఇంకెక్కడికి పోతాను?

మామయ్య ఫోను లాక్కుని చూశాడు. "పొద్దున్న పచ్చగానే ఉందే!" అన్నాడు. నాకు ఆ మాట పట్టించుకునే తీరిక లేదు.

"రుసుము కట్టేస్తా మామయ్యా. పీడా విరగడవుతుంది."

"ఖబడ్దార్! మచ్చ పెట్టేదీ వాళ్లే, మచ్చ తుడవడానికి డబ్బు అడిగేదీ వాళ్లేనా? కంచే చేను మేస్తోందే ఇది!"

"మేస్తే మేసింది. శుక్రవారానికి నాకు పచ్చరంగు కావాలి."

"కొనుక్కున్న పచ్చకి పూచీ ఎవరే?"

అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ పూచీలు కూడు పెట్టవు మామయ్యా! జీవితమంతా అందర్నీ అనుమానించావు. ఇప్పుడు లోకం నన్ను అనుమానిస్తోంది, చూడు ఎలా ఉంటుందో! గుండీల లైనులో నిలబడేది నువ్వా, నేనా?" అనకూడని మాటే. అనేశాను.

మామయ్య తిరగడం ఎక్కువైంది. నేను కళ్లు తుడుచుకుని, ఎరుపుకి కారణం ఏమిటో అని పక్కనే ఉన్న ఇంకో మీట నొక్కి పైకి చదివాను. "'ఈ దుకాణం మోసమా కాదా అని ఇప్పటివరకు నాలుగువందల పన్నెండుసార్లు మా దగ్గర వాకబు జరిగింది. ఇన్నిసార్లు అనుమానం కలిగించిన దుకాణంతో జాగ్రత్త. నెలవారీ లెక్క ప్రకారం ఈరోజు రంగు మార్చడమైనది.' నాలుగువందల పన్నెండా! నాకు ఇప్పటిదాకా ముప్ఫైమంది కూడా కొనుగోలుదారులు లేరు మామయ్యా. ఎవరు వీళ్లంతా?"

మామయ్య కూర్చున్నాడు.

నిజంగా కూర్చున్నాడు. కుర్చీలో, బట్టల కుప్ప మీద. వంటింట్లోంచి తొంగిచూసిన అత్తయ్య గరిటె అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ! ఒంట్లో ఎలా ఉంది? డాక్టర్ని పిలవనా?" డాక్టరుకి పూచీ ఎవరని కూడా అడగలేదు ఆయన. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఉండిపోయాడు.

నేను మాత్రం ఊరుకోలేదు. ఇది తప్పకుండా వీధి మూల మిషన్ల కొట్టు పెద్దాయన పనే అని తీర్మానించేసుకున్నాను. నేనొచ్చాక ఆయన బేరాలు తగ్గాయి మరి. బుధవారం పొద్దున్నే వెళ్లి మీదపడ్డాను. "నాలుగువందల పన్నెండుసార్లు నా మీద బురద జల్లడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?"

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తన ఫోను తీసి చూపించాడు. మీటలున్న పాతకాలపు ఫోను. "అమ్మాయీ, దీంట్లో మా ఆవిడ నంబరు వెతకడానికే నాకు నాలుగువందల పన్నెండుసార్లు పడుతుంది" అన్నాడు. పైగా టీ ఇప్పించాడు. సిగ్గుతో చచ్చిపోయి తిరిగొచ్చాను.

గురువారమంతా మామయ్య ఫోను ఎత్తలేదు. సాయంత్రం అత్తయ్యే మాట్లాడింది. "అన్నం సరిగ్గా తినడం లేదే. తిరగడం కూడా లేదు. అదే నాకు భయంగా ఉంది." నేను అన్న మాటకే నొచ్చుకున్నాడనుకున్నాను. వెళ్లి కాళ్లు పట్టుకుందామనుకున్నాను, కానీ శుక్రవారం గండం గడవాలి ముందు.

శుక్రవారం తొమ్మిదింటికల్లా శిక్షణ కేంద్రానికి వెళ్లాను, చేతులు జోడించి బతిమాలుకుందామని. ప్రిన్సిపాల్‌గారి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపలినుంచి మామయ్య గొంతు. నేను గుమ్మం బయటే కొయ్యబారిపోయాను.

"ఆ నాలుగువందల పన్నెండుసార్లూ వాకబు చేసింది నేనేనండీ. ఇదిగో పుస్తకం. తారీఖు, టైము, రంగు, అన్నీ రాసి ఉన్నాయి. అమ్మాయి కొట్టు పెట్టిన రోజు నుంచీ పొద్దున్నే ఆ సైట్లో పేరు కొట్టి చూసేవాణ్ని. రోజూ పచ్చే ఉండేది."

"మీ మేనకోడలి మీద మీకే అనుమానమా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"అయ్యో! దాని గురించి ఎవరైనా చెడ్డగా రాశారేమోనని చూశానండీ. అనుమానమూ కాదు, పాడూ కాదు. ఆ సైటుకి తేడా తెలీదు. దానికి చూడడమంటే అనుమానించడమే. నేను చూసిచూసి నా చేతుల్తో నేనే దాని నెత్తిన ఎర్రరంగు పోశాను." పుస్తకం మూసిన చప్పుడు. "ముప్ఫై నాలుగేళ్లు చెమట అంటితే రాయి బరువు మారుతుందని పట్టకారుతో పట్టుకున్నవాణ్ని. ఇక్కడ మాత్రం రోజూ వేలు పెట్టాను."

గ్రాము తేడా వస్తే రాత్రి నిద్రపోని మనిషి. ఒక పరాయి ఆఫీసులో కూర్చుని 'తప్పు నాదే' అంటున్నాడు.

"సరేనండీ, మీరు చూశారే అనుకుందాం. కానీ అంత పేరున్న సైటు ఊరికే పంతొమ్మిది మార్కులు వేస్తుందా?"

"ఒక్క నిమిషం. మీ చేత్తోనే మీ కంప్యూటర్లో అదే సైటు తెరవండి. ఏదైనా ఒక కొట్టు పేరు కొట్టండి. భూమ్మీద లేనిది."

"లేనిదంటే?"

"గాడిదగుడ్ల అంగడి అని కొట్టండి."

టకటకా మీటల చప్పుడు. ఆ తర్వాత ప్రిన్సిపాల్‌గారి నవ్వు, ముందు చిన్నగా, తర్వాత బల్ల కొట్టుకుంటూ. "'ఫిర్యాదులేమీ లేవు. ఎవరూ అనుమానించలేదు. వందకి డెబ్బై ఎనిమిది. నమ్మవచ్చు!'"

"చూశారా? లేని గాడిదగుడ్డుకి డెబ్బై ఎనిమిది, రాత్రింబవళ్లు తుప్పు గీకే పిల్లకి పంతొమ్మిది."

ఆవిడ నవ్వు ఆపుకుని కాస్త గట్టిగానే అన్నారు: "మంచిదే. సైటు మాట నమ్మకూడదు. మరి మీ మాట ఎందుకు నమ్మాలి? మీరు ఆవిడకి మేనమామ. మీ సాక్ష్యం చెల్లదు కదండీ."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది. మామయ్య లేచి నిలబడ్డాడు. మూడు రోజుల తర్వాత ఆ గొంతులోకి జీవం వచ్చింది.

"అమ్మయ్య! ఇన్నాళ్లకి అడగాల్సిన మాట అడిగిన మనిషి దొరికారండీ! నా మాట నమ్మొద్దు, అసలు నమ్మొద్దు! ఒక మిషను తెప్పించుకోండి. మీ దగ్గర చెయ్యి తిరిగినవాళ్లని కూర్చోబెట్టండి. వారం రోజులు మందపాటి గుడ్డ, పల్చటి గుడ్డ, ఏది పడితే అది కుట్టించండి. దారం తెగితే వెనక్కి పంపెయ్యండి. మిషను సంగతి మిషనే చెప్పాలి గానీ, నేనెవణ్ని, ఆ కన్ను బొమ్మవాడెవడు?" అంటూ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరగడం మొదలుపెట్టాడు. ఆ అడుగుల చప్పుడు విన్నాక నాకు ఊపిరి ఆడింది.

మధ్యాహ్నానికి ఒక మిషను పంపాను. ఎనిమిది మడతల మందపాటి గుడ్డ కూడా కుట్టి చూశారట. వారం తర్వాత కమిటీ మిగతా పదిహేడు కూడా పంపమని కబురు పెట్టింది. కన్ను బొమ్మ సైట్లో నేను ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాను. గాడిదగుడ్ల అంగడి మాత్రం ఎనభై దాటిందట, ప్రిన్సిపాల్‌గారే నవ్వుతూ చెప్పారు.

మిషన్లన్నీ దింపిన రోజు ఆవిడ మామయ్య మర్చిపోయిన ఆ పుస్తకం నా చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి, తీరిగ్గా పేజీలు తిప్పాను. ప్రతి గీతమీదా తారీఖు, టైము, పక్కన 'పచ్చ'. పచ్చ, పచ్చ, పచ్చ. చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, ముక్కూ కారింది. కొట్టు పెట్టిన దగ్గర్నుంచి ఎరుపెక్కిన ఆ మంగళవారం దాకా లెక్కేస్తే నాలుగువందల పద్నాలుగు రోజులు తేలాయి. గీతలు నాలుగువందల పన్నెండే ఉన్నాయి. పుస్తకం పట్టుకుని వెళ్లి, వంటింటి గుమ్మం దగ్గర మామయ్యకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇక మీదట చూడనని మాటివ్వు."

"ఇచ్చాను, ఇచ్చాను. తప్పుకో, నడవాలి."

"తప్పుకుంటా గానీ, ఇందులో రెండు రోజులు లేవు. బద్ధకించావా? లేక ఆ రెండు రోజులూ నన్ను గాలికి వదిలేశావా?"

మామయ్య పుస్తకం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, ఆ తారీఖుల ఖాళీని వేలితో తడిమి చూశాడు.

"నీకు జ్వరం వచ్చి మంచం ఎక్కిన రోజులే అవి. పొద్దున్నే మీ ఇంటికొచ్చి నిన్నే చూశాగా. ఇక సైటెందుకు?" అని, పక్కనుంచి దూరి వీధి గుమ్మం వైపు నడిచాడు.